రంగునీళ్ల తొట్టి

తాండూరు అవతల, మూతపడిన బట్టల మిల్లు కాలనీలో మా అమ్మ రాహేలమ్మ ఒక్కతే మిగిలింది. పనివాళ్ల కోసం మిల్లు యజమాని కట్టించిన ఊరది. ఒకే తీరు ఇళ్లు, బడి, చర్చి, దవాఖాన. క్రిస్మస్‌కు ఇంటింటికీ మిల్లులో అచ్చువేసిన గుడ్డ పంచేవాళ్లట. పండుగనాడు ఆడపిల్లలందరి గౌన్ల మీదా అవే నీలిపూలు.

మా అక్క మనోరమ ఆరేళ్లప్పుడు ఆ గౌనుతోనే మిల్లులో రంగునీళ్ల తొట్టిలో పడి చనిపోయింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. గౌను కుట్టగా మిగిలిన ముక్కను అమ్మ ఇన్నేళ్లూ దాచుకుంది.

కాలనీ కూల్చేస్తున్నారని తెలిసి, అమ్మను వికారాబాద్ తీసుకుపోదామని వచ్చాను. సామాను కట్టేసరికి పొద్దు గూకింది. ముసురు. కరెంటు లేదు. తడిసిన సున్నం వాసనలో మరేదో ఘాటు కలిసింది. పచ్చి రంగు వాసన. మిల్లు ఆగి ఎన్నో ఏళ్లయింది.

వెనక తలుపు చప్పుడైంది. మెల్లగా... తలుపు కింది భాగంలో. చిన్నపిల్ల చెయ్యి అందేంత ఎత్తులో.

"నిరోషా, అక్క వచ్చింది," అమ్మ గుసగుసగా అంది. "చలి పెడ్తుందంట."

"ఎవ్వరు లేరమ్మా. ఆటో వస్తది, పోదాం."

"నేను గూడ పోతే దానికి ఎవరున్నరు బిడ్డ?"

గుడ్డ ముక్క తీసుకుని వానలోకి నడిచింది. ఆపబోయాను. వినలేదు. వెంట పరిగెత్తాను.

మిల్లులో గుడ్డకు అచ్చులేసే షెడ్డులో మసక చీకటి. అక్క పడిన తొట్టి ఎప్పుడో ఎండిపోయింది. అమ్మ అంచున కూర్చుని గుడ్డను లోపలికి జారవిడిచింది.

"కప్పుకో తల్లీ."

గుడ్డ గాలిలోనే ఆగింది. ఎవరో అందుకున్నట్టు...

అప్పుడు లోపలి నుంచి, సన్నగా... "అమ్మా... చెల్లెను గూడ పంపు."

నా చీలమండను చల్లటిదేదో పట్టుకుంది. లాగుతోంది... అంచు దాకా...

"దాన్ని ఇడ్సిపెట్టు బిడ్డ," అమ్మ ఏడ్చింది. "నేనొస్తున్న. నేనే వస్త."

ఇనుప మెట్లు దిగింది. నా కాలిమీద పట్టు వదిలింది.

ఫోన్ లైటు వేసి చూశాను. తొట్టి అడుగున అమ్మ ఒరిగి పడుకుని ఉంది, చేతులు ఎవరినో పొదువుకున్నట్టు. పిలిచాను. దిగి లేపాను. ఊపిరి లేదు.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఆమె ముఖంలో అంత నెమ్మది నేనెన్నడూ చూడలేదు. నా దగ్గర ఉన్నప్పుడు కూడా.

ఆఖరి స్నానం నేనే చేయించాను. వీపు మీద నీలిరంగు వేళ్ల గుర్తులు. ఎంత రుద్దినా పోలేదు. అక్కంత పిల్ల చేతులు ఒక జత. వాటి కింద ఇంకో జత... బాగా చిన్నవి. నెలల పసిగుడ్డువి.

అమ్మ కన్నది మా ఇద్దరినే. మరి ఆ తొట్టిలో అక్కతో ఉన్న పసిగుడ్డు ఎవరిది?