కన్ను తెరవని బొమ్మ

గవ్వలకోట రాజ్యానికి కొండంత కోట ఉండేది, కోట చుట్టూ అగడ్త ఉండేది, అగడ్త నిండా మొసళ్ళుండేవి. ఇన్ని ఉండీ ఆ రాజ్యపు పిల్లలను ఏదీ కాపాడలేకపోయింది. నల్లసాను కొండగుహలో నీడమింగి అనే రాక్షసుడుండేవాడు. వాడు గుహలోంచి కదలకుండానే ఊళ్ళో పిల్లల నీడలను కొంచెం కొంచెంగా తినేవాడు. నీడ తరిగేకొద్దీ బిడ్డ చిక్కిపోయి మంచాన పడేది. రాజు వీరభల్లుడు వైద్యులను రప్పించాడు, హోమాలు చేయించాడు, చివరికి మందు తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని దండోరా వేయించాడు. రాజుల దగ్గర అర్ధరాజ్యం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది పిల్లలూ, లేనిదల్లా మందే.

ఆ ఊళ్ళో తోలుబొమ్మలు చేసే సింగరి అనే ఆమె ఉండేది. భర్త పోయాడు. ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అందుకని కడపటి బిడ్డను పుట్టగానే పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తరాకులో, పొర్లించి పుల్లమ్మ అని పేరు పెట్టింది. పారేసిన ఆకే కదా అని మృత్యువు అటు చూడదని పెద్దల నమ్మకం. మృత్యువు చూడలేదు గానీ, నీడమింగి చూశాడు.

గంతులేసే పుల్లి మంచానికి అతుక్కుపోయింది. సింగరి గంజి తాగించింది, తడిగుడ్డ వేసింది, కనబడ్డ దేవుడికల్లా మొక్కింది. ఏదీ పని చేయలేదు. బిడ్డ మూలుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో ఆ తల్లికే తెలుసు. ఖాళీగా ఉన్న చేతులను ఏం చేసుకోవాలో తోచక మేకతోలు నానబెట్టి, గీకి, పలచన చేసి, పుల్లి రూపంలో బొమ్మ మొదలుపెట్టింది. జడకుచ్చులూ పరికిణీ అంచూ ఉలితో చిల్లులు కొట్టి తీర్చి, రంగులద్దింది. ఉలి ఆడుతున్నంతసేపూ ఆమెకు ఊపిరాడేది. ఆ టకటక వింటూ పుల్లి కూడా మూలుగు మరిచేది.

బొమ్మంతా అయింది, కన్ను తప్ప. వాళ్ళ కులవృత్తిలో కన్ను చివర తెరుస్తారు. తెరిస్తే బొమ్మకు ప్రాణం వచ్చినట్టే. ప్రాణమున్న బొమ్మ పాతబడి చిరిగిననాడు దాన్ని ఏటిలో సాగనంపాలి. పుల్లి పోలికలున్న బొమ్మను ఏటికివ్వడం ఊహించలేక సింగరి కన్ను తెరవలేదు. కన్నే తెరవకపోతే చావెక్కడిదని ఆమె లెక్క.

ఒకనాడు పుల్లి నీడ పైటకొంగంత మిగిలింది. ఇక ఆగలేక సింగరి బిడ్డను వీపున కట్టుకుని, బొమ్మలూ ఉలీ దీపమూ మూటగట్టి అడవిలోకి నడిచింది.

అడవిలో మెడదాకా పుట్ట పెరిగిన ముని ఒకడు కనిపించాడు.

"సామీ, నా బిడ్డకు మందు చెప్పండి!"

"నాకు తెలీదు తల్లీ."

"ఇన్నేళ్ళు తపస్సు చేసీ తెలీదా?"

"తెలిస్తే ఈ చీమల మధ్య ఎందుకుంటాను? దారి తెలుసు. ఆ వాగు దాటితే నల్లసాను."

సింగరికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి నడిచింది.

వాగు ఉరకలేస్తోంది. గట్టున గండభేరుండపక్షి కూర్చుని ఉంది. దాటిస్తానని ఒక తల, దాటించనని రెండో తల. ఎంత బతిమాలినా తగువు తెగలేదు. సింగరి పైటచెంగు కొమ్మలకు కట్టి, వెనక దీపం పెట్టి, హాస్యగాడి బొమ్మతో వాటి తగువే ఆడి చూపింది. రెండు తలలూ ఒక్కసారే పకపకా నవ్వాయి. వీపు మీద పుల్లి కూడా చిన్నగా నవ్వింది. పక్షి వాళ్ళను అవతల దించింది.

గుహలో నీడమింగి వేళ్ళు నాకుతూ కూర్చున్నాడు.

"ఏయ్ నరమానిసీ! ఎందుకొచ్చావు?"

"నా బిడ్డ నీడ నాకిచ్చెయ్యి."

"తిన్న కూడు తిరిగొస్తుందా? మిగిలింది ఈ పొద్దు గూకేలోపు తినేస్తా. ఆకలి నా చేతిలో లేదు."

"నా నీడ తిను! మొత్తం తిను!"

"పెద్దాళ్ళ నీడలు ముదిరిన బెండకాయలు. నావల్ల కాదు."

సింగరి వాడి కాళ్ళ మీద పడింది. వాడు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు, అంతే. ఇంత దూరం మోసుకొచ్చింది ఇందుకా అని ఆమె కూలబడిపోయింది. ఇంక వెళ్ళడానికి చోటు లేదు, అడగడానికి మనిషి లేడు.

"అమ్మా," అంది పుల్లి నీరసంగా, "నా బొమ్మకు కన్ను పెట్టవూ?"

"వద్దే తల్లీ. తెరిస్తే ఎప్పటికైనా ఏట్లో వదలాలి."

"ఎప్పటికో కదా! అందాకా దాన్ని గుడ్డిదానిలా మూటలోనే ఉంచుతావా? అది ఆడితే నాకు చూడాలనుంది."

సింగరి మూట విప్పి బొమ్మను ఒళ్ళో పెట్టుకుంది. ఉలి తీసి కన్ను తెరిచింది. చెంగు కట్టి దీపం వెలిగించింది. తల్లి గుండెకు ఆనుకుని పుల్లి లేచి కూర్చుంది, తానే బొమ్మ పుల్లలు పట్టుకుంది. తెర మీద ఎర్ర పరికిణీ మెరిసింది, ప్రతి చిల్లులోంచీ వెలుగు వచ్చింది. నల్లనీడలు తప్ప ఎరగని నీడమింగి రంగునీడను చూసి మింగబోయి నోరు తెరిచాడు.

"ఏరా, మూతి కడుక్కున్నావా?" అని బొమ్మ గద్దించింది.

వాడు ఉలిక్కిపడి మూతి తుడుచుకున్నాడు. బొమ్మ వాడిని గోళ్ళు చూపమంది, ఒక్క కాలి మీద నిలబడమంది. వాడు నవ్వుతూ అన్నీ చేశాడు. పొద్దు గూకింది. పుల్లి నీడ మిగిలే ఉంది.

"తర్వాత ఏమైంది?" అని వాడు ఆత్రంగా అడిగాడు.

"అలిసిపోయాను. రేపు చెప్తా," అంది పుల్లి.

రేపు అనే మాట విని ఎన్నాళ్ళయిందో! సింగరి బావురుమంది.

రేపటి ఆట పోతుందేమోనని రాక్షసుడే వాళ్ళను భుజాన ఎక్కించుకుని గవ్వలకోటలో దించాడు. రాజు అర్ధరాజ్యం ఇవ్వబోయాడు.

"అది నాకెందుకు మారాజా! వీధికొక తెల్లతెర, దీపాలకు ఆముదం ఇప్పించండి," అంది సింగరి.

నాటినుంచి రోజూ సందెవేళ ప్రతి వీధిలో పిల్లల ముందు తల్లులు బొమ్మలాడించారు. ఏ వీధి ఆట చూడాలో తేల్చుకోలేక పరుగులు పెట్టే రాక్షసుడికి తిండి ధ్యాసే లేకపోయింది. తిన్న నీడలు తిరిగి రాలేదు. పుల్లి నీడ సన్నగానే ఉండిపోయింది. కొన్ని రోజులు లేవలేకపోయేది. ఆ రోజుల్లో తల్లి ఆడించేది.

కొత్త బొమ్మ మొదలుపెట్టినప్పుడు మాత్రం పొరుగువాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. తోలు ఆరీ ఆరకముందే, బొమ్మ చేతులూ కాళ్ళూ కత్తిరించకముందే సింగరి కన్ను తెరిచేసేది. మిగతా బొమ్మను దాని కళ్ళముందే చెక్కేది. ఆలోగా పుల్లి మంచం మీంచే దానికొక పేరు పెట్టేసేది.