బోరు బండి నంబరు

ఉదయం ఏడు కూడా కాలేదు, కృష్ణవేణమ్మ అప్పుడే మూడో గిన్నె ఉప్మా కలుపుతోంది. కల్లూరులో ఇల్లు కట్టినప్పుడు ఇంత పెద్ద హాలు ఎందుకని గొడవపడింది తనే. ఇప్పుడా హాల్లో కాలు పెట్టే చోటు లేదు. బోరు బండ్ల యజమాని అయిన మొగుడు ఓబుళేశు ఎమ్మెల్యే టికెట్ తెచ్చుకున్న నాటినుంచి ఇదే వరస. ఇల్లలకగానే పండగ కాదంటే వినే మనిషా! నామినేషన్ వేసేది ఇవాళ. వచ్చినవాళ్లు అప్పుడే "ఎమ్మెల్యే సార్" అంటుంటే, ఆయన కాదనడం లేదు. తాను మాత్రం నామినేషన్‌కు రానని తెగేసి చెప్పింది.

ఉప్మా మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా ఫోను దగ్గర. బోరు బండ్ల మీద రాసి ఉన్న నంబరు ఇరవై రెండేళ్లుగా ఆమె చేతిలోనే ఉండేది. ఏ ఊళ్లో ఎవరి చేలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో, ఎవరికి పడలేదో ఆమెకు కంఠతా తెలుసు. ప్రచారం నడపడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ప్రవీణ్, ఊరూరా అందరి దగ్గరా ఉన్న నంబరు ఇదేనని, దాన్ని కాస్తా ఎన్నికల నంబరు చేసేశాడు. వద్దంటే, ఎమ్మెల్యే పెండ్లాం బోరు ఫోన్లు ఎత్తుతుందా అని మొగుడు నవ్వాడు. ఆ నవ్వు నెల రోజులుగా గుచ్చుకుంటూనే ఉంది.

పళ్లేలు తీసుకుని హాల్లోకి వస్తే, ఓ మూల ఉరుకుందప్ప కనిపించాడు. కోడుమూరు దగ్గరి రైతు. ఎవరో మెడలో పార్టీ కండువా వేసేశారు. పళ్లెం ముట్టకుండా కూర్చున్నాడు. పక్కకు పిలిచి అడిగింది. మోటరు బోరులో ఇరుక్కుని తొమ్మిది రోజులైందట. ఎత్తే బండి కోసం ఫోను చేయని పూట లేదట, ఒక్క మనిషీ పలకలేదట. మూడెకరాల చీనీ చెట్లు ఆకు ముడుచుకున్నాయట.

"ఓటు యాడికీ పోదు తల్లీ, నాకు బండి పంపండి," అన్నాడు. "చెట్లు పోతే మళ్లా ఆరేండ్లు పడతాది."

ఆమె చేతిలో పళ్లేలు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్లింది. ఓబుళేశు కొత్త ఖద్దరు చొక్కా తొడుక్కుంటున్నాడు, ప్రవీణ్ ఊరేగింపు దారి చెబుతున్నాడు. తన ఫోను మొగుడి చేతిలో పెట్టింది.

"మన బోరు నంబరుకు నువ్వే చెయ్."

టైము దాటిపోతోందని ఆయన విసుక్కున్నాడు. ఆమె కదల్లేదు. చేశాడు. రికార్డు చేసిన ఆయన గొంతే పలికింది: "నమస్కారం. నేను మీ ఓబుళేశును. మీ ప్రతి కష్టంలో మీ వెంటే ఉంటాను." అంతే, కట్టయిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే. మూడోసారికి మొహం మారింది.

"మనిషెవరూ ఎత్తరేమే?"

"తొమ్మిది దినాల నుంచి ఉరుకుందన్న అడిగేది కూడా అదే," అంది. "బండి కొన్నాక మూన్నెల్లు మనల్ని ఒక్కరూ పిల్చలేదు. తొలి బోరు ఏపిచ్చుకునింది ఆయప్పే. పొద్దున ఆయప్పకు నమస్కారం పెట్టినావు, మొగం సూడలేదు. నేను ఫోను ఎత్తేది దుడ్ల కోసరమనుకున్యావా?"

ఆమె కళ్లు తుడుచుకుంటుంటే ఓబుళేశు తల వంచుకున్నాడు. తర్వాత హాల్లోకి వెళ్లి, ఉరుకుందప్ప మెడలోని కండువా తనే తీశాడు. మోటరు ఎత్తే బండి జెండాలు కట్టుకుని ఊరేగింపుకు సిద్ధంగా ఉంది. జెండాలు విప్పమన్నాడు. ముహూర్తం పోతుందని ప్రవీణ్ మొత్తుకుంటే, గడువు రేపటిదాకా ఉందన్నాడు. అతని దగ్గర బోరు నంబరు సిమ్ము అడిగి తీసుకుని భార్య చేతికిచ్చి, ఖద్దరు చొక్కాతోనే బండెక్కాడు.

సాయంత్రం ఫోను మోగింది. అలవాటు ప్రకారం ఆమె, "ఏ ఊరప్పా?" అంది.

"కోడుమూరు," అన్నాడు ఓబుళేశు. "మోటరు బయటికొచ్చింది, బాగు చేసి దించినాం. చెట్లకు నీళ్లు పారతాండాయి."

వెనక నీళ్ల చప్పుడు వినిపించింది. ఆమె ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"రేపు నామినేషన్‌కు నేనూ వస్తా," అంది. "ఈ ఫోను మటుకు నా దగ్గరే ఉంటాది."