జోపానం కార్డు

ఆగండి, పేజీ తిప్పేయకండి. నా కార్డుల డబ్బాకు తాళం ఎలా పడిందో ముందు వినండి.

డెబ్బై నాలుగు, వానాకాలం. హైదరాబాదులో ఎమ్మే చదువుతూ, వస్తువుల్ని దాచుకోవడానికి జనం వాడే మాటలు సేకరించాలని ఎమ్మిగనూరు వచ్చాను. ఉట్టి, గాదె, బోషాణం, పాతర... మాటకో కార్డు. ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: "మీ జొన్నలు ఎక్కడ దాస్తారండీ?"

రైతులు సర్కారుకి తప్పనిసరిగా అమ్మాల్సిన లెవీ ధాన్యం కోసం ఆఫీసర్లు ఇళ్లు గాలిస్తున్న రోజులవి. నాకేం తెలుసు?

రైతు బసన్న ఇంట్లో నా ప్రశ్న పూర్తికానే లేదు, ఆయన కూతురు ఉరుకుందమ్మ డబ్బా లాగేసుకుంది. పైనున్న కార్డు తీసి చదివింది.

"'పాతర: జొన్నలు దాచే గుంత. ఈరన్న ఇల్లు, పడమటి అరుగు కింద.' బాగుందప్పా. ఆఫీసరు వెతుక్కునే పని లేకుండా రాసిపెట్టినావే."

"నేను ఆఫీసర్ని కాదండీ, స్టూడెంట్ని. మాట ఎక్కడ దొరికిందో రాయాలి. అది రూలు."

"రూలు నీది. జొన్నలు మావి."

"సోమవారం ప్రొఫెసర్‌కి ఇవ్వాలండీ. నాలుగు నెలల కష్టం."

"మాది సంవత్సరం తిండి."

డబ్బా బోషాణంలో పడింది. తాళంచెవి ఆమె నడుముకెక్కింది.

నిజమే కదా! ఊళ్లో ఎవరి గింజలు ఎక్కడున్నాయో నా గుండ్రటి అక్షరాల్లో ఉంది. సిగ్గేసింది.

"ఇళ్ల పేర్లు లేకుండా మళ్లీ రాస్తానండీ."

"నా ఎదురుగానే రాయాల."

మూడు రోజులు వదలని వాన. అరుగు మీద నేను కొత్త కార్డులు రాయడం, ఆమె పాతవి పొయ్యిలో వేయడం. మధ్యలో కళ్లు కలవడం, ఇద్దరం వాన వైపు చూడటం.

"ఏంటికప్పా అక్షరాలు వంకర పోతాండాయి?"

"మీరు చూస్తుంటే..."

"సలికిలే," అంది, నవ్వు దాచుకుంటూ. ఆ నవ్వు దాచుకోవడానికి మాట నా డబ్బాలో లేదు.

ఒక కార్డు పట్టుకుని ఆగింది. "'జోపానం.' ఇదేంటికి ఖాళీ?"

"ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతున్నారు. ఏది రాయాలో తెలియలేదు."

లోపల్నించి వాళ్లవ్వ కమలమ్మ అందుకుంది. "దాసిపెట్టి మర్సిపోతే జోపానం కాదు నాయినా. వచ్చి వచ్చి సూసుకుంటేనే జోపానం."

ఆదివారం బస్సు వేళకు డబ్బా చేతికొచ్చింది. లెక్కపెట్టాను.

"ఒకటి తక్కువుందండీ."

"జోపానం కార్డు నా కాడుంది."

"ఇవ్వండి మరి."

"ఇయ్యను. నువ్వే వచ్చి సూసుకో." ఆమె చూపు వానలోకి పోయింది. "ఒక్కడివే రావాకు. మీ అమ్మను పిల్సుకోని రా."

బసన్న దగ్గాడు. "రానీలే," అని మాత్రం అన్నాడు. అవ్వ నవ్వింది. నేను గొడుగు అక్కడే మర్చిపోయి, ఆదోనిలో తడిసిన చొక్కాతో రైలెక్కాను.

సోమవారం ప్రొఫెసర్ తన మాటల జాబితాతో పోల్చుకుంటూ డబ్బా అంతా చూశారు. "జోపానం ఏదయ్యా?"

"ఎమ్మిగనూరులో ఉంది సార్."

"తెలిసిన మాటే కదా, ఇంకో కార్డు రాసెయ్. నిమిషం పని."

ఖాళీ కార్డు ముందే ఉంది. పెన్ను చేతిలో ఉంది. జేబులో ఆదోనికి రెండు టికెట్లున్నాయి, ఒకటి అమ్మకి.

మీరైతే ఏం చేస్తారు?