కడగకూడని రాళ్లు

“ఆ డబ్బా ఫిల్టరు మీ చేపల ప్రాణం తీస్తాది సార్. నేనైతే ఇయ్యను.”

దుడ్డు చేతబట్టుకొని వెళ్లిన దంతవైద్యుడు ఓబులేష్‌కు అంగడివారు సరుకు ఇవ్వబోమని చెప్పడం జీవితంలో అదే మొదటిసారి. చెప్పినది యామిని. రాజంపేటలో పుట్టి, మత్స్యశాస్త్రం చదివి, కడపలో రంగుచేపల అంగడి పెట్టుకొన్న యువతి.

ఇంటి ముందుభాగంలోనే ఉన్న ఓబులేష్ వైద్యశాలకు వచ్చే పిల్లలు కుర్చీ ఎక్కకముందే ఏడుపు అందుకొంటారు. వారి భయాన్ని మరపించడానికి ముందుగదిలో నాలుగువందల యాభై లీటర్ల ఉప్పునీటి అక్వేరియం అమర్చాలని అతని సంకల్పం. గాజుతొట్టి వచ్చింది. అందులోని నీటిని శుద్ధిచేసే సాధనమేదో తేలలేదు.

“మూత బిగించిన ఆ డబ్బా అయితే తొట్టి కింద బీరువాలో కనపడకుండా ఉంటాది గదా మేడం?”

“కనపడకపోతే మురికి లేనట్లేనా? పండ్లు పుచ్చిపోతే నోరు మూసుకోమని చెప్తారా మీరు?”

ఓబులేష్ అప్రయత్నంగా నోరు మూసుకొన్నాడు.

“పెద్ద తొట్టికి సంప్ గావాల,” అన్నదామె. “కింద ఇంకొక తొట్టి. పైనీళ్లు దాంట్లోకి దిగుతాయి. ఈడ స్కిమ్మర్ ఉంటాది. గాలిబుడగలతో నీళ్లను చిలుకుతాది. మురికంతా నురుగై పైకొస్తాది. పాలసముద్రం చిలికినా ముందొచ్చింది విషమే గదా? అది తీసి పారబోస్తేనే చేపకు బతుకు. ఆ పక్కన రాళ్లు. వాటిల్లో కంటికి కనపడని జీవులుంటాయి. మిగిలిన విషాన్ని అరాయించుకునేది అవే.”

“ఎట్లుంటాయి ఆ రాళ్లు?”

“మట్టిరంగులో. పాచిపట్టి, జారుతా.”

ఓబులేష్ ముఖం వాడిపోయింది. “తెరిచే ఉంటాయా? చూస్తే కనపడతాయా?”

“ఎవురు చూస్తారు?”

“మా అమ్మ.”

తిరుపతమ్మ కమలాపురం నుండి వచ్చి కొడుకు ఇంట ఉంటున్న ఆచారవంతురాలు. చింతపండు సోకని పాత్ర గాని, తడిగుడ్డ తగలని గోడ గాని ఆ ఇంట లేవు. కరెంటు స్విచ్చులను కూడ తడిగుడ్డతో తుడిచి రెండు పర్యాయాలు షాకు తిన్న ధీరురాలు ఆమె.

“పాచి కనపడితే కడిగేస్తాది మేడం.”

“కొళాయి నీళ్లల్లో క్లోరిన్ ఉంటాది. కడిగితే ఆ జీవులు చస్తాయి. వెనకనే చేపలు.” యామిని నవ్వు బిగబట్టింది. “అయితే ఫిల్టరు గావాల్సింది చేపలకు కాదు, మీ అమ్మకు. పోయి ఆమెకు అంతా విడమరిచి చెప్పండి. చెప్పిన తర్వాతనే సంప్ పెడతా. పెట్టినాక ప్రతి శనివారం నేనే వచ్చి నీళ్లు చూస్తా.”

రెండు దినాలకు తిరిగి వచ్చి “చెప్పినా” అన్నాడు ఓబులేష్. అది అసత్యం. అతడు తల్లితో పలికినది “దాన్ని ముట్టొద్దమా” అన్న ముక్క ఒక్కటే. ఆపై బీరువాకు తాళం వేసి నిశ్చింతగా ఉన్నాననుకొన్నాడు.

రాళ్లలో జీవులు నిలదొక్కుకోవడానికి ఆరు వారాలు పట్టింది. ప్రతి శనివారం యామిని వచ్చి గాజుగొట్టంలో నీరు పట్టి, మందుచుక్కలు వేసి అయిదు నిమిషాలు వేచి చూసేది. ఆకుపచ్చ వస్తే అమ్మోనియా అనే విషం ఉన్నట్లు. పసుపు వస్తే లేనట్లు. ఆ అయిదు నిమిషాలూ ఆమె గొట్టాన్ని చూసేది. అతడు ఆమెను చూసేవాడు. శుక్రవారం వచ్చేసరికి ఓబులేష్‌కు చేతిలో పట్టకారు నిలిచేది కాదు.

ఏడవ శనివారం ఆమె ఒక జంటను తెచ్చింది. నారింజ వన్నె మీద తెల్లని పట్టెల క్లౌన్ చేపలు. అయిదేండ్లుగా ఎందరడిగినా ఇవ్వని జంట.

“వీటికి మా అంగట్లో తొట్టి చాలడంల్యా. అమ్మడం కాదు సార్ ఇది. మిమ్మల్ని నమ్మి అప్పగిస్తాండా.”

ఆ మాట అతని గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొంది. అప్పుడైనా నిజం చెప్పలేదు.

నెల తిరక్కుండానే వైద్యుల సభకని కర్నూలు పోవలసి వచ్చింది. కరెంటు పోయి వస్తే, సంప్ నీళ్లను పైకి తోడే మోటారు మీట నొక్కడానికని తాళంచెవి తల్లికిచ్చి వెళ్లాడు. మూడు దినాల తరువాత, శనివారం ఉదయం వాకిట అడుగుపెట్టగానే తిరుపతమ్మ ఎదురువచ్చింది.

“చూడు నాయనా, ఎంత తెల్లగా వచ్చినాయో! చింతపండుకు వదల్లేదు. గురువారమంతా బ్రష్షు పెట్టి రుద్దినా.”

సంప్‌లో రాళ్లు సున్నపుముద్దలవలె మెరుస్తున్నాయి. పైతొట్టి అడుగున అన్నపు మెతుకులు.

“ఆ మేత గింజలు యాడ చాలుతాయని పిడికెడు అన్నం గూడా వేసినా.”

చేపలలో ఒకటి నీటిపైకి నోరు తెరుస్తోంది. రెండవది మూలకు ఒరిగి ఉంది.

“ఎవురు చెప్పినారమా కడగమని?”

“కడగొద్దని ఎవురు చెప్పినారు?”

ఓబులేష్ సెల్లు తీసి మూడుసార్లు యామిని నంబరు నొక్కి ఆపాడు. మోటారు ఆగిందని చెబితే చాలు, నెపం కరెంటు మీదికి పోతుంది. కాని అబద్ధానికి తగిన మందే ఆమె చెబుతుంది. ఆ మందుతో చేపలు బ్రతకవు. నాలుగవసారి ఆపలేదు.

“యామినిగారూ, మా అమ్మ రాళ్లు కడిగింది, అన్నం గూడా వేసింది. అమ్మకు చెప్పినానని మీతో అబద్ధమాడినా.”

“ఎప్పుడు కడిగింది?”

“గురువారం.”

“మెతుకు గితుకు ఉంటే తీసేయండి. మేత వేయొద్దు. వస్తాండా.”

అరగంటలో ఆటో దిగింది. రెండు బకెట్లలో ఉప్పునీళ్లు, మరి రెండింటిలో పాచిపట్టిన రాళ్లు.

“ఇవి యాడివి?”

“మా అంగట్లోవి. సగం తీసుకొచ్చినా.”

“మరి మీ చేపలు?”

“సగంతో సర్దుకోవాల. మాట్లాడకుండా బకెట్ పట్టండి.”

తిరుపతమ్మ బిత్తరపోయి నిలుచుంది. “ఏమి పాపా, కడిగిన రాళ్లు తీసి పాచి రాళ్లు పెడతాండావు?”

“ఇవి ఇండ్లమ్మా. లక్ష కాపురాలుండాయి దీంట్లో.”

తిరుపతమ్మ అట్లే చతికిలబడింది. “అయ్యో సామీ! కాపురాలు కడిగేసినానా నేను?”

గొట్టంలో నీరు ముదురు ఆకుపచ్చకు తిరిగింది. తెచ్చిన ఉప్పునీటితో కొంత నీరు మార్చారు. మధ్యాహ్నానికీ ఆకుపచ్చే. సాయంకాలానికీ ఆకుపచ్చే. ఒరిగిన చేప లేవలేదు.

మరునాటి ఉదయం యామిని మళ్లీ వచ్చి చూసినా రంగు పూర్తిగా విరగలేదు. తిరుపతమ్మ దేవుని గదికి దీపం పెట్టి వచ్చి, తొట్టి ఎదుట మెతుకు ముట్టక కూర్చుంది.

“ఎందుకు అబద్ధం చెప్పినారు?” యామిని అతనివైపు చూడకుండానే అడిగింది.

“అమ్మకు చెప్పేదానికి ధైర్యం చాల్లేదు. చెప్పలేదంటే మీరు సంప్ పెట్టరు. డబ్బా ఫిల్టరైతే ఆ తిప్పలేవో నేనే పడేవాణ్ణి. మీరు శనివారం శనివారం వచ్చే పని ఉండదు.”

“బుద్ధుండాదా సార్ మీకు?” ఆమె గిరుక్కున ఇటు తిరిగింది. “రమ్మని ఒక మాట అడిగింటే, ఏ ఫిల్టరూ లేకుండానే వచ్చేదాన్ని గదా!”

సాయంకాలం మరల చుక్కలు వేశారు. అయిదు నిమిషాలు. ఈసారి ఇద్దరూ గొట్టాన్నే చూశారు. ఆకుపచ్చ కానరాలేదు. లేత పసుపు తేలి నిలిచింది. యామిని ఒక మేతగింజ విడిచింది. మూలనున్న చేప కదిలి, తడబడి పైకి వచ్చి దానిని అందుకొంది.

యామిని అంతవరకు ఆపుకొన్న ఏడుపు అప్పుడు వచ్చింది. తిరుపతమ్మ లేచి, కొంగుతో ఆమె కన్నులు తుడిచింది.

“మీదే ఊరు పాపా?”

“రాజంపేట.”

“మీ నాయన ఇంటికాడ ఉంటాడా రేపు?”

“ఉంటాడు. ఎందుకమ్మా?”

“ఈ యింట్లో యేది కడగాలో, యేది కడగగూడదో చెప్పే మనిషి కావాల. వీడు నోరు తెరిచి చెప్పే రకం కాదు. ఇతరుల నోర్లు తెరిపించేదే వీనికొచ్చు. రేపు మేమే వస్తాం.”

యామిని తలవంచుకొని, తడిచేతులను తుడుచుకొంటూ అన్నది:

“రాండి. కానీ మా యింట్లోనూ ఒక తొట్టి ఉండాది. దాన్ని మాత్రం ముట్టగూడదు, అత్తా.”