బుడగ బయటి మాట

మా ఇద్దరికీ మొదటి గొడవ ఒక తుమ్ము దగ్గర వచ్చింది.

నేను మాంగా పుస్తకాలకు అక్షరాలు పెడతాను. అంటే, ఎక్కడో గీసిన బొమ్మల కథ మన భాషలోకి వచ్చినప్పుడు, పాత్రల నోటి పక్కనుండే తెల్ల బుడగల్లో పాత మాటలు చెరిపేసి కొత్త మాటలు ఇరికించే పని. ఆఫీసులో నన్ను బుడగలబ్బాయి అంటారు. ఆ మాటల్ని తెలుగు చేసే అమ్మాయిని డిక్షనరీ అంటారు. ఆమె చేరిన మూడో రోజే ప్రూఫు కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

“ఈ తుమ్ముని సగానికి కోసేశారేంటి?”

“బుడగలో పట్టలేదండీ.”

“నేను ‘హాఛ్‌ఛీ’ అని రాశాను. మీరు ‘హాఛ్’ దగ్గర ఆపేశారు. చదివేవాళ్ళకి ముక్కు దురద పుట్టదూ?”

“బుడగ సైజు నా చేతిలో లేదు కదండీ.”

“ఈ తుమ్ము చాలా ముఖ్యం. ఇక్కడ ఈ అమ్మాయి తుమ్మింది కాబట్టే మూడో పుస్తకంలో ఆ అబ్బాయి మఫ్లర్ తెస్తాడు.”

“ఆ మఫ్లర్ తన కోసమే తెచ్చుకున్నాడండీ. చలికాలం.”

ఆమె నన్ను కాసేపు జాలిగా చూసి వెళ్ళిపోయింది. అంత జాలిగా నన్ను మా అమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు.

ఆ కథ ఇద్దరు విలుకాళ్ళది. ఏ పోటీ జరిగినా ఒకరిది మొదటి స్థానం, ఇంకొకరిది రెండోది. అమ్మాయికి నోరెక్కువ, అందుకని అభిమానులు చురక అని పేరు పెట్టారు. అబ్బాయి పెదవి విప్పడు, అందుకని వాడు మౌని. మొత్తం పన్నెండు పుస్తకాలు. అందులో వాళ్ళు ఒక్కసారి కూడా చెయ్యి పట్టుకోలేదు, ఒక్క తీపి మాటా అనుకోలేదు. అయినా మా ఆఫీసుకొచ్చే ఉత్తరాల్లో సగం “వీళ్ళ పెళ్ళెప్పుడు?” అనే. కాలేజీలో చదివే మా చెల్లెలైతే గది గోడ నిండా వాళ్ళిద్దరి బొమ్మలే అంటించింది.

“వాళ్ళు శత్రువులండీ బాబూ!” అన్నాను ఒకసారి కాఫీ మెషిన్ దగ్గర. “ఆ పిల్ల వాణ్ణి చూస్తే చాలు, నిప్పులు కక్కుతుంది.”

“మీకు పడని మనిషి ఎదురైతే ఏం చేస్తారు?”

“మొహం తిప్పుకుంటాను.”

“మౌని తిప్పుకోడు. బాణం వదిలాక ఎవరైనా ముందు తన గురి చూసుకుంటారు. వాడు ఆమె బాణం ఎక్కడ తగిలిందో చూసి, అప్పుడు తనది చూసుకుంటాడు. ఇప్పటికి ముప్ఫై ఒక్కసార్లు.”

“లెక్కపెట్టారా?”

“మీరు బొమ్మ మీద అక్షరాలు పెడతారు గానీ బొమ్మ చూడరు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నేనూ ఒకటి చూశాను. మా పనిలో ఒక పద్ధతుంది. బుడగ లోపల ఉన్నది పాత్ర పైకి అన్న మాట. బుడగ బయట చిన్న అక్షరాల్లో ఉన్నది గొణుగుడు, ఎవరికీ వినపడనిది. ఏడో పుస్తకం చేస్తున్నప్పుడు గమనించాను. మౌని బుడగ బయట మాట్లాడేది చురక పక్కనున్నప్పుడే. ఇంకెవరి దగ్గరా కాదు. ఈ సంగతి ఆమెకు చెబితే వాదనలో ఓడిపోతాను కదా, అందుకని నోరు మెదపలేదు.

నాకో అలవాటు ఉంది. చిన్న అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడ్డానికి ముందు నోటికొచ్చింది ఏదో ఒకటి కొడతాను. తర్వాత అసలు మాట పెడతాను. ఒక్కోసారి మర్చిపోతే ప్రూఫులో డిక్షనరీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన జవాబు కూడా రాసేది.

“ఆకలేస్తోంది” అని ఉంటే, “డ్రాయర్లో బిస్కెట్లున్నాయి. నావి. రెండే తీసుకోండి.”

“వాన వచ్చేలా ఉంది” అని ఉంటే, “గొడుగు తెచ్చాను. ఒకటే.”

ఆ సాయంత్రం నిజంగానే వాన పడింది. బస్టాపు దాకా ఒకే గొడుగు కింద నడిచాం. దారి పొడవునా మఫ్లర్ గురించి పోట్లాడుకుంటూనే ఉన్నాం. నా ఎడమ భుజం తడిసింది, ఆమె కుడి భుజం తడిసింది, మధ్యలో ఉన్న రెండు భుజాలూ పొడిగానే ఉన్నాయి. ఆ తర్వాత నేను మర్చిపోవడం బాగా ఎక్కువైంది. అందులో నిజంగా మర్చిపోయినవి ఎన్నో నన్నడగకండి.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆఖరి పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజున ఎడిటర్ గారు నా బల్ల దగ్గరికొచ్చారు.

“డిక్షనరీ మూడు రోజులు రాదోయ్. ప్రూఫు నువ్వే చూసి పంపించెయ్.”

“ఒంట్లో బాగోలేదా సార్?”

“ఇంటర్వ్యూకి వెళ్ళింది. పెద్ద పబ్లిషర్. రైల్లో ఐదు గంటల దూరం. ఆ అమ్మాయికి రాక ఇంకెవరికొస్తుంది?”

ఆ రోజు నేను చేస్తున్నది నూట నలభై మూడో పేజీ. ఆఖరి పోటీ అయిపోయింది. చురక పెద్ద పోటీల శిక్షణకి వేరే ఊరు వెళ్ళిపోతోంది. విల్లు భుజాన వేసుకుని గేటు వైపు నడుస్తోంది. మౌని మైదానంలో ఒంటరిగా నిలబడి చూస్తున్నాడు. వాడి తల పక్కన, బుడగ బయట, చిన్న అక్షరాల్లో గాలి చప్పుడు. డిక్షనరీ తన రాతప్రతిలో దానికి “స్స్‌స్” అని రాసిపెట్టింది.

సైజు చూద్దామని ఏదో కొట్టాను. ఇంతలో ప్రెస్సు నుంచి ఫోన్, ఇంకా ఫైల్ రాలేదేమని కేకలు. పంపేశాను. ఈసారి మాత్రం నిజంగానే మర్చిపోయాను. ఎర్ర పెన్ను పట్టుకునే మనిషి ఊళ్ళో లేదు.

పుస్తకం వచ్చిన రోజు మా చెల్లెలు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

“అన్నయ్యా! మౌని నోరు విప్పాడు! చురకని ‘వెళ్ళకు’ అన్నాడు! మేం చెప్తూనే ఉన్నాం కదా!”

పుస్తకం లాక్కుని చూశాను. నూట నలభై మూడో పేజీలో, గాలి ఉండాల్సిన చోట, నేను కొట్టిన మాట అచ్చయి ఉంది. సాయంత్రానికి ఆ ఒక్క మాట మీద అభిమానులు బొమ్మలు గీశారు, పాటలు కట్టారు. ఒకమ్మాయి ఏడుస్తూ వీడియో కూడా పెట్టింది.

మర్నాడు డిక్షనరీ నా బల్ల ముందుకొచ్చింది. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో తన రాతప్రతి.

“నేను గాలి రాశాను. ఈ మాట ఎవరిది?”

“పొరపాటైందండీ.”

“పొరపాటని తెలుస్తూనే ఉంది. ఎవరిదని అడుగుతున్నాను.”

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నాకూ తెలుసు. కానీ ఎదురుగా ఆమె కళ్ళు, చుట్టూ ఆరుగురి చెవులు.

“ఏదో టెస్ట్ లైను. నోటికొచ్చింది కొట్టాను,” అన్నాను.

“ఓహో. నోటికొచ్చిందా.” ఆమె రాతప్రతి మడిచింది. “నాకు ఆ ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీకున చేరాలి.”

“కంగ్రాట్స్ అండీ,” అన్నాను. నాకు ఎవరైనా అప్పుడే రెండు తగిలించి ఉంటే బాగుండేది.

ఎడిటర్ గారు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, చివరికి చల్లబడ్డారు. “బొమ్మలు గీసినావిడకి క్షమాపణ రాశాను. రెండో ముద్రణలో సరిచేద్దాం. శనివారం పుస్తకాల షాపులో పాఠకుల మీటింగు ఉంది. అక్కడ తప్పు నువ్వే ఒప్పుకోవాలి.”

శనివారం మధ్యాహ్నం జోరుగా వాన. అయినా షాపు నిండిపోయింది. ముందు వరసలో మా చెల్లెలు, ఒళ్ళో పన్నెండు పుస్తకాలు. చర్చ పేరు “చురక, మౌని: పోటీయా, ప్రేమా?” ప్రేమ వైపు డిక్షనరీ, పోటీ వైపు నేను.

ముందు ఆమె మైకు తీసుకుంది.

“ఒక్క తీపి మాట లేకుండా ప్రేమేంటని అందరూ అడుగుతారు. చురక భుజం నొప్పి మొదట కనిపెట్టింది ఎవరు? కోచ్ కాదు, వాళ్ళమ్మ కాదు. ఆమెను ఓడించాలనుకున్నవాడు. ఆమె రాని పోటీలో గెలిచిన కప్పుని వాడు బెంచీ మీదే వదిలేసి వెళ్ళాడు. ఎప్పుడో తుమ్మిన తుమ్ము గుర్తుపెట్టుకుని మఫ్లర్ తెచ్చాడు. అది కూడా ఇవ్వడం చేతకాక కంచె మీద పడేసి పోయాడు.” అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. “మనల్ని అంత శ్రద్ధగా చూసే మనిషి ఎన్నిసార్లు దొరుకుతారు? ఆ శ్రద్ధ చూసే చదివేవాళ్ళు ప్రేమ అంటున్నారు. వాడు పైకి చెప్పకపోవడం వాడి ఖర్మ.”

చప్పట్లు ఆగకముందే మా చెల్లెలు లేచింది. “చెప్పాడు కదక్కా! నూట నలభై మూడో పేజీ!”

ఎడిటర్ గారు నా వైపు చూశారు. లేచి మైకు అందుకున్నాను.

“ఆ మాట మౌని అనలేదు,” అన్నాను.

షాపంతా ఉసూరుమంది.

“అక్కడ ఉండాల్సింది గాలి చప్పుడు. సైజు చూడ్డానికి నేనొక మాట కొట్టాను, తీసెయ్యడం మర్చిపోయాను. తప్పు నాది. మాట కూడా నాదే.”

“నువ్వెవర్ని అన్నావ్ అన్నయ్యా?”

ఇంటికెళ్ళాక దాని పని చెప్దామనుకున్నాను. కానీ అడగాల్సిన ప్రశ్న అదే.

“ప్రూఫుల్లో నా తప్పులు దిద్దే మనిషి వేరే ఊరు వెళ్ళిపోతోందని ఆ రోజే తెలిసింది. తననే అన్నాను.”

తలలన్నీ ఒక్కసారిగా డిక్షనరీ వైపు తిరిగాయి. ఆమె మాత్రం బల్ల వైపే చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఇంకో సంగతి. మౌని బుడగ బయట గొణిగేది చురక పక్కనున్నప్పుడే. అక్షరాలు పెట్టేవాణ్ణి కాబట్టి నాకు ఎప్పుడో తెలుసు. ఓడిపోతానని దాచాను. కాబట్టి నేను ఓడిపోయాను, వాళ్ళది ప్రేమే. కానీ మౌని ‘వెళ్ళకు’ అనే మనిషి కాదు. ఆమె గురి తప్పితే తను గెలిచినా వాడి మొహం వాడిపోతుంది. ఆమె ఇంకా దూరం కొట్టాలనే వాడికి ఉంటుంది. నా మాట వాడి నోట్లో పెట్టి వాణ్ణి చిన్నవాణ్ణి చేశాను.” ఆమె వైపు తిరిగాను. “అందుకని ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానండీ. వెళ్ళండి. బాగా పని చెయ్యండి. అక్కడ బుడగలు పెట్టేవాడు ఎవడైనా సరే, మీ తుమ్ముల్ని మాత్రం కొయ్యనివ్వకండి.”

మా చెల్లెలు పుస్తకాలన్నీ కింద పడేసి చప్పట్లు కొట్టింది. తర్వాత సంతకాలు, ప్రశ్నలు, గొడుగుల వెతుకులాట. నేను జనంలోంచి బయటపడేసరికి డిక్షనరీ కనిపించలేదు. ఆదివారమంతా ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. అది నన్ను పట్టించుకోలేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి నా బల్ల మీద రెండో ముద్రణ ప్రూఫు ఉంది. ఒక్కటే కాగితం, నూట నలభై మూడో పేజీ.

“వెళ్ళకు” మీద ఎర్ర గీత. పక్కన “స్స్‌స్”. అంతేనా అనుకుంటూ మార్జిన్ చూశాను.

“వెళ్తున్నాను. ప్రతి శనివారం వస్తాను. స్టేషనుకి గొడుగు తీసుకురా. ఒకటే.”

రెండేళ్ళుగా నన్ను మీరు అన్న మనిషి. మూడుసార్లు చదివాను. అప్పుడు కనిపించింది, ఆ మాటల చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన బుడగ. దానికి బుల్లి తోక, ఆ తోక చివర ఆమె సంతకం.

తలెత్తాను. ఎదుటి బల్ల దగ్గర ఆమె పెన్ను మూత పెట్టి నా వైపే చూస్తోంది. ఆఫీసులో కీబోర్డుల చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

“బుడగ వంకరగా వచ్చింది,” అన్నాను.

“ఐతే దిద్దుకో,” అంది ఆమె, అందరికీ వినపడేలా.