గట్టిగా పట్టుకునే మనిషి

హోటల్ లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల లేడీ ఏజెంట్ శవం ఉంది. ఎవరో వెనకనుంచి మెడ బిగించి చంపారు. ట్రైనింగ్‌లో క్లోజ్ కాంబాట్‌లో ఫస్ట్ వచ్చిన మనిషి ఆమె. ఏజెంట్ కందిరీగకు సొంత అక్క.

"లీవ్ కావాలా?" అడిగాడు చీఫ్.

"పని కావాలి సార్."

పని సిద్ధంగానే ఉంది. విదేశీ ముఠా మనిషి ఒకరు, అక్క నేర్చుకున్న డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్ సెంటర్‌లోనే తిష్ట వేశారు. ఆ సెంటర్ అమ్మాయిలు శనివారం ఒక మహిళా సైంటిస్టుకు బాడీగార్డులుగా వెళ్లాలి. ముఠా కన్ను ఆమె మీదే ఉంది. ఈలోగా ద్రోహిని పట్టుకోవాలి.

కందిరీగ జుట్టు కత్తిరించుకుని, సోడాబుడ్డి కళ్లద్దాలు తగిలించుకుని కొత్త ట్రైనీగా చేరింది. మెడ మీద పట్టు ఎంత గట్టిదో కొలిచే ప్రెషర్ సెన్సర్ కాలర్‌లో దాచుకుంది.

ప్రాక్టీస్ హాల్లో అందరూ జత కోసం ఎగబడేది హంస అనే సీనియర్ కోసమే. సినిమా తార లాంటి అందం, గుప్పుమనే సెంటు, తేనె పూసిన మాటలు. ఎవరి మోచెయ్యి అలా తగిలినా చాలు, కూలబడి శభాష్ అనేది. అమ్మాయిలు మురిసి ముక్కలయ్యేవారు. రోడ్ రోలర్ అని పేరుపడ్డ బండ ట్రైనీ దగ్గరికి మాత్రం ఎవరూ పోయేవారు కాదు. ఆమె పట్టుకుంటే వదలదు. ఎందుకలా చంపుతావని ఒకమ్మాయి ఏడిస్తే, "బయటోడు వదులుతాడా?" అని ఊరుకుంది.

మొదటిరోజు కందిరీగ హంసతోనే జత కట్టింది. మెడ చుట్టూ చెయ్యి పడగానే కావాలని గడ్డం పైకెత్తి తిరిగింది. పీక అప్పజెప్పే తప్పు అది. హంస పడిపోయింది.

"సూపర్ బంగారం. ఎప్పుడూ ఇలాగే చెయ్యి."

కందిరీగకు ఒళ్లు మండిపోయింది. అక్కకు నేర్పిందీ ఇదేనన్నమాట. చప్పట్లు కొట్టి మరీ చావుకు సాగనంపారు.

సెన్సర్ చూస్తే సున్నా దగ్గరే ఉంది. వైర్‌లెస్‌లో చీఫ్‌కు చెబితే ఆయన కొట్టిపారేశాడు. మెత్తగా పట్టుకోమని ఆర్డరిచ్చింది తనేనట. ఆడపిల్లల ఒళ్లు కమిలితే ఇళ్లలో గొడవలవుతాయట.

"మెతకదనం మీది సార్. తప్పు చేస్తే మెచ్చుకోవడం ఆమెది."

"ప్రూఫ్ కావాలి," అని లైన్ కట్ చేశాడు.

కందిరీగ పళ్లు నూరుకుంది. ఆ రోజునుంచి రోడ్ రోలర్‌తో జత కట్టింది. రోజూ ఓడింది. ఒళ్లంతా కమిలింది. శుక్రవారం సాయంత్రం మొదటిసారి ఆ పట్టు విడిపించుకుంటే, రోడ్ రోలర్ మెచ్చుకోలేదు సరికదా, లేటన్నది.

శనివారం సెమినార్ హాల్ వెనక గదిలో సైంటిస్టు ఉపన్యాసానికి సిద్ధమవుతోంది. వెనక తలుపు దగ్గరికి వీల్‌చైర్ తోసుకుంటూ ఒక వార్డ్‌బాయ్ వచ్చాడు.

"వాన తగ్గిందా?" అన్నాడు.

"గొడుగు నాదే," అన్నది సైంటిస్టు పక్కన కాపలా ఉన్న హంస. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సిరంజి తీసి సైంటిస్టు మెడ మీదికి వంగింది.

సూది తగలబోతుండగా కర్టెన్ చాటునుంచి కందిరీగ దూకి సిరంజిని తన్నింది. హంస గిర్రున తిరిగి వెనకనుంచి మెడ బిగించింది. కళ్లద్దాలు ఊడిపడ్డాయి. ఈసారి పట్టు మెత్తగా లేదు.

"అక్క పోలికే," అన్నది చెవిలో. "గడ్డం ఎత్తు బంగారం."

కందిరీగ ఎత్తలేదు. గడ్డం ఛాతీకి అదిమి, మడమతో కాలి వేళ్లు నలిపి, ఇన్నాళ్ల కోపమంతా మోచేతిలోకి తెచ్చి డొక్కలో పొడిచింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. తలుపు దగ్గర వార్డ్‌బాయ్ రోడ్ రోలర్ చేతుల్లో గిలగిల కొట్టుకుంటున్నాడు.

సంకెళ్లు వేశాక చీఫ్ తల దించుకుని వచ్చాడు. ప్రమోషన్ ఇస్తానన్నాడు, మెడల్ అన్నాడు. కందిరీగ కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

"అవేం వద్దు సార్. రేపు పొద్దున ప్రాక్టీస్‌కి రండి. మీ పార్ట్‌నర్‌ని నేనే చూసిపెడతాను."