సుభద్రమ్మ ముగ్గూ, రైల్వే వారి మెట్లూ

గూడ్సు బండి కింద నుంచి ముందు ఒక గొడుగు బయటికి వచ్చింది. దాని వెనక టిఫిన్ డబ్బా వచ్చింది. ఆ వెనక కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, నడుం వంచి, బి.ఏ. ప్యాసైన త్రిపురసుందరి వచ్చింది.

నడుం నిటారుగా చేసేసరికి ఎదురుగా ఒక యువకుడు. చేతిలో కొలతల టేపు, నెత్తిన టోపీ, మొహంలో రైల్వే చట్టం.

“మీరిప్పుడు చేసింది నేరం, తెలుసా అండీ?” అన్నాడు.

“తెలుసండీ. రోజూ చేస్తాను. కాస్త ఆ గొడుగు ఇలా అందుకోండి.”

అందించాడు. అందించాక, నేరానికి సాయం చేసినట్టయిందేమో అని అనుమానం వచ్చింది. అప్పటికే ఆమె వాన తుంపరలో గొడుగు విప్పుకుని, ఆడపిల్లల హైస్కూలు వైపు చకచకా నడిచిపోతోంది. అక్కడ ఆమె టీచరు.

అతని పేరు అప్పలనరసింహం. ప్రేమకథకి కొంచెం బరువైన పేరే. కానీ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటే పుట్టిన కొడుక్కి కన్నవాళ్లు ఇంకో పేరు పెట్టరు కదా. రైల్వేలో ఓవర్సియరు. ఖుర్దా ఆఫీసు నుంచి కొత్తగా వచ్చాడు.

అది 1968. పలాస, కాశీబుగ్గ చెప్పుకోవడానికి రెండు ఊళ్లు. కాపరం మాత్రం ఒకటే. మధ్యలో పట్టాలు. స్టేషనూ, హైస్కూలూ, రైల్వే క్వార్టర్సూ అటు. బజారూ, సినిమా హాలూ, త్రిపుర వాళ్ల ఇల్లూ ఇటు. రెంటికీ ఉన్నది ఒక్క గేటు. గూడ్సు వచ్చి, ఇంజను తీరిగ్గా నీళ్లు తాగడం మొదలెట్టిందంటే జీడిపిక్కల బళ్లూ, బారువ నుంచి ఎండుచేపల గంపలు తెచ్చేవాళ్లూ, డాక్టరూ, ఆ డాక్టరు కోసం బయల్దేరిన రోగీ అందరూ గేటు దగ్గరే నిలబడేవారు. ఊళ్లో సగం తగాదాలు అక్కడే పుట్టేవి, సగం అక్కడే తీరేవి.

పట్టాల మీదుగా నడిచేవాళ్లకి ఒక బ్రిడ్జి వేస్తే ఎలా ఉంటుందో చూసి రమ్మని అప్పలనరసింహాన్ని పంపారు. అతను ప్లాట్‌ఫారం చివర నిలబడి చూశాడు. తిన్నగా దాటితే దగ్గర దారి. అవతల మెట్లు దిగేచోట ఖాళీ స్థలం ఉంది. దాని వెనకాలే జీడిపప్పు వర్తకుడు జగన్నాథం ఇల్లు. ఒక సాయంత్రం ఆ ఇంటి ముందు, మెట్లు ఎంత మేర వస్తాయో సున్నంతో గీతలు గీసి వెళ్లిపోయాడు.

తెల్లారి జగన్నాథం తల్లి సుభద్రమ్మ చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చింది. వాకిట్లో ఎవరో ముగ్గు మొదలుపెట్టి సగంలో వదిలేశారు. సగం ముగ్గు ఇంటికి మంచిది కాదు. ఆవిడ చీపురు పక్కన పడేసి, కూర్చుని, గీత గీతకీ చుక్కలు పెట్టి, మెట్టు మెట్టుకీ పద్మం వేసి, మధ్యలో పసుపూ కుంకుమా చల్లింది.

పొద్దెక్కి అప్పలనరసింహం వచ్చేసరికి మెట్లు పూసి ఉన్నాయి.

పెద్దావిడ వేసిన ముగ్గు తొక్కడానికి కాళ్లు రాలేదు. మునివేళ్ల మీద చుట్టూ తిరిగి కొలిచాడు. సాయంత్రం కొంచెం పక్కకి జరిపి మళ్లీ గీశాడు. తెల్లారితే అదీ ముగ్గే.

“ఎవడో గానీ గీత మాత్రం తిన్నగా గీత్తాడే. పూర్తి సెయ్యడానికే బద్దకం,” అని సుభద్రమ్మ మనవరాలు త్రిపురతో అంది.

త్రిపురకి ఎవరో తెలుసు. చెప్పలేదు. మర్నాడు మాత్రం నాయనమ్మ కంటే ముందే లేచింది. గీతల్ని చూసింది. ముగ్గుపిండి తీసుకుని, మెట్ల సగంలో ఒక చతురస్రం వేసి, అక్కడి నుంచి గీతని మలుపు తిప్పి, ఇంటి ముందు కాకుండా పక్క సందులోకి దింపింది. ఆ తరవాత నాయనమ్మ వచ్చి దానికీ పద్మాలు పెట్టింది.

అప్పలనరసింహం ఆ ముగ్గు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ముగ్గుల్లో ఇంజనీరింగు ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం గేటు పడింది. గేటు కర్రకి ఇటు త్రిపుర, అటు అతను. వాన సన్నగా పడుతోంది. వాళ్ల వాకిట్లో ముగ్గులో ఆ చతురస్రం ఎందుకని అడిగాడు. మెట్లు మరీ నిలువుగా ఉన్నాయనీ, నెత్తిన గంపతో ఎక్కేవాళ్లు మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలనీ, గంపలన్నీ బజారుకి వెళ్లేది ఆ సందు గుండానే అనీ ఆమె చెప్పింది. గంపల సంగతి తమ పుస్తకంలో లేదన్నాడు అతను. అయితే ఆ పుస్తకాన్నే నెత్తిన పెట్టుకుని ఎక్కి చూడమంది ఆమె.

మర్నాడు ఒక ఓవర్సియరు నెత్తిన ఇటుకల గంప పెట్టుకుని వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కి దిగుతున్నాడని రెండు ఊళ్లలోనూ వార్త. తరవాత కొన్నాళ్లు అతని మెడ ఒకే వైపు తిరిగేది. ఆ వైపే జగన్నాథం ఇల్లు ఉండడం కేవలం కాకతాళీయం.

అప్పటి నుంచి సాయంత్రం అతను గీయడం, తెల్లవారుజామున ఆమె దిద్దడం, ఏమీ ఎరగని సుభద్రమ్మ దానికి పద్మాలు పెట్టడం. మెట్లు కాస్త ఏటవాలుగా అయ్యాయి, ఎక్కినవాళ్లు నిలబడడానికి చోటు పెరిగింది. ఒకనాడు ఆ చోటులో రెండు చిలకలు ఎదురెదురుగా కూర్చుని ఉన్నాయి. వాటికి బ్రిడ్జితో ఏమిటి పనో ఎంత కొలిచినా తేలలేదు.

చిలకలు కనబడిన వారానికే గేటు దగ్గర త్రిపుర అసలు సంగతి బయటపెట్టింది. వచ్చే లక్ష్మివారం బాబ్జీతో తనకి తాంబూలాలు.

బాబ్జీ మంచివాడే. అతని ప్రధానమైన అర్హత మూడిళ్ల అవతల ఉండడం. సుభద్రమ్మ గేటు దాటి సంబంధం చెయ్యదు. ఆవిడ పెళ్లినాడు పలాస నుంచి రావలసిన పెళ్లికొడుకు గేటు అవతలే నిలబడిపోయాడు. ముహూర్తం దాటిపోయింది. మిగిలిన ఏదో వేళకి తాళి కట్టాడు. ఆయన ఆ తరవాత బతికినంతకాలం ఏ పనీ వేళకి చెయ్యకపోవడానికి అదే కారణమని ఆవిడ నమ్మకం.

“బ్రిడ్జి కట్టేస్తే?” అన్నాడు అప్పలనరసింహం.

“శాంక్షను ఎప్పటికొస్తుంది?”

అతను వేళ్ల మీద సంవత్సరాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

“అదొచ్చేసరికి దాని మీద నా పిల్లలు ఆడుకుంటారు. బాబ్జీ పోలికతో,” అంది త్రిపుర. గొంతులో వేళాకోళం ఉంది గాని కళ్లలో లేదు. గేటు లేచింది. ఇద్దరూ కదల్లేదు. వెనక బండివాడు అదిలించాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్న సుభద్రమ్మ వీధిలోకి వచ్చేసరికి వాకిట్లో గీతల్లేవు. గీతలు గీసేవాడు ఉన్నాడు.

ఆ గీతలు తనవేననీ, అవి ముగ్గు కాదు మెట్లనీ, ఇప్పుడు మెట్లు సందులోకి మారాయి కనుక ఇకమీద ఈ వాకిలి జోలికి రాననీ చేతులు కట్టుకుని చెప్పాడు.

“ఆ బద్దకస్తుడివి నువ్వేనేటి?” అంది ఆవిడ. ఖాళీ వాకిలి వైపు చూసి, “అయితే రేపట్నించి గీతలుండవా?” అని అడిగింది. ఆ అడగడంలో దిగులు వినిపించేసరికి అతనికి ధైర్యం వచ్చింది. మనవరాలిని ఇమ్మని అడిగేశాడు.

లోపల జగన్నాథం చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. ఊరూ పేరూ ఆరా తీస్తే అప్పలనరసింహం తల్లి కంచిలి ఆడపడుచేననీ, తమకి వరసైనవాళ్లేననీ తేలింది. అడ్డంకి గేటు ఒక్కటే మిగిలింది.

“నువ్వు గేటవతలోడివి బాబూ,” అంది సుభద్రమ్మ.

“అవునండీ. అందుకని ముందురోజే ఇవతలికొచ్చి విడిది దిగిపోతాను.”

పొరుగూరి పెళ్లివారు ముందురోజే వచ్చి విడిది దిగుతారు. ఒకే ఊరు కదా, విడిది ఎందుకని అప్పట్లో సుభద్రమ్మ అత్తవారు పెళ్లిపూటకి బయల్దేరారు. ముగ్గుగిన్నె చేతిలో పట్టుకుని ఆవిడ తన కాపరం మొత్తం మళ్లీ మొదట్నించీ లెక్క చూసుకున్నట్టుంది.

“అంతే మరి,” అంది చివరికి. “గేటు తప్పు కాదన్నమాట. మా మావగారోళ్లకే ముందుసూపు లేదు.” ముగ్గుగిన్నె అరుగు మీద పెట్టి, “బాబ్జీవోళ్లకి ఏటి సెప్తాం?” అంది.

“నడిచెళ్లి చెప్పొచ్చు నాయనమ్మా. మధ్యలో గేటు లేదు,” అని తలుపు వెనక నుంచి త్రిపుర గొంతు వినబడింది.

మాఘమాసంలో పగటి ముహూర్తం. మగపెళ్లివారు ముందురోజే దిగారు. సుభద్రమ్మ గేటు కాసే సింహాచలానికి కొత్త ధోవతి కూడా పెట్టింది. సింహాచలం ధోవతి పుచ్చుకున్నాడు గాని, గూడ్సు పుచ్చుకోలేదు. వచ్చి పట్టాలకి అడ్డంగా నిలబడింది.

పెళ్లికొడుకు ఇవతలే ఉన్నాడు. పెళ్లికూతురు ఇవతలే ఉంది. పురోహితుడి ఇల్లు అవతల అని ఎవరికీ తట్టలేదు.

ముహూర్తం దగ్గర పడుతోంది. ఆయన రాగానే క్షణం వృథా కాకూడదని సుభద్రమ్మ ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి, మధ్యలో తెరసెల్ల పట్టించింది. పంతులుగారు పంచాంగంతో సహా బండికి అటు నిలబడి ఉన్నారని కబురొచ్చింది. జగన్నాథం తల పట్టుకున్నాడు. మేళం వాళ్లు ఏం వాయించాలో తోచక శ్రుతి సరిచేసుకున్నారు.

“నాయనమ్మా, నేను రోజూ వచ్చే దారిన రమ్మను,” అంది పెళ్లికూతురు తల దించుకునే.

పందిరంతా పెళ్లికొడుకు వైపు తిరిగింది. సుభద్రమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

“ఏటి బాబూ, రైలోడివి. నువ్వే సెప్పు. రమ్మంతావా, వద్దంతావా?”

అప్పలనరసింహం బాసికం సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“నాకు ఎదురుగా తెర ఉందండీ. నాకేమీ కనబడదు.”

గూడ్సు బండి కింద నుంచి ముందు ఒక గొడుగు వచ్చింది. దాని వెనక పంచాంగం వచ్చింది. ఆ వెనక ఉత్తరీయానికి ఇంజను నూనె పూసుకుని పంతులుగారు వచ్చారు. పందిట్లోకి వస్తూనే మంత్రం అందుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ జీలకర్రా బెల్లం పెట్టారు.

తెర అవతల నుంచి, మేళం హోరులో అతనికి మాత్రమే వినబడేటట్టు ఒక గొంతు అంది:

“మీరిప్పుడు చేసింది నేరం, తెలుసా అండీ?”

“తెలుసండీ,” అని అతను తెర మీదుగా చెయ్యి చాపి ఆమె నెత్తిన జీలకర్రా బెల్లం పెట్టాడు.